ఇప్పుడు మీరు ఎక్కడున్నారు?

ఆన్‌లైన్ థెరపీలో ప్రతి సెషనూ దాదాపు ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. కొత్తవాళ్ళకి ఇది కుశలప్రశ్నలా వినిపిస్తుంది. "ఇంట్లోనే అండీ" అని ఊరుకుంటారు. అలా కాదు, పూర్తి అడ్రస్ చెప్పాలి. ఎదుటి మనిషికి ఆ రోజు మీకు చికిత్స చేసే హక్కు ఉందా, మీకేమైనా అయితే అంబులెన్స్ ఎక్కడికి రావాలి, మీరు నోరు విప్పి మాట్లాడగలరా అన్న మూడూ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

ముందు హక్కు సంగతి. విశాఖలో ఎన్నో ఇళ్ళ పిల్లలు డల్లాస్‌లోనో సియాటెల్‌లోనో ఉన్నారు కాబట్టి ఇది మనకి తెలిసి ఉండాలి. అమెరికాలో లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్ చేసి, ఆపైన సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసి, క్లినికల్ పరీక్ష పాసైన మనిషి. ఆ పర్యవేక్షణ టెక్సాస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ 3000 గంటలు. వీళ్ళు మాటతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. సెషన్ జరిగే వేళకి క్లయింట్ ఏ రాష్ట్రంలో ఉంటే, సాధారణంగా ఆ రాష్ట్రపు లైసెన్సే ఉండాలి. పేరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. వాషింగ్టన్‌లోనూ మసాచుసెట్స్‌లోనూ పేరు మధ్యలో 'ఇండిపెండెంట్' అన్న మాట చేరుతుంది. రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్లో పేరు కొడితే లైసెన్స్ నడుస్తోందా, గడువు ఎప్పటిదాకా ఉందన్నవి కనిపిస్తాయి, క్రమశిక్షణ చర్యలు ఉంటే వాటినీ అక్కడే వెతకండి. డబ్బు కట్టకముందు ఈ ఐదు నిమిషాల పని చేయండి.

దీని వల్ల వచ్చే చిక్కు సంక్రాంతికో వేసవికో బయటపడుతుంది. ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్ళింటికి నెల రోజులు వచ్చిన అమ్మాయి టెక్సాస్ థెరపిస్టుతో వారం వారం మాట్లాడదామనుకుంటుంది, ఆవిడేమో ఒప్పుకోదు. అది నిర్లక్ష్యం కాదు, ఆవిడ లైసెన్సూ వృత్తి బీమా రెండూ ఇక్కడిదాకా రాకపోవచ్చు. అందుకే టికెట్లు కొన్న వారమే చెప్పండి. విమానం ఎక్కే ముందు ఒక సెషన్, తిరిగి వెళ్ళగానే ఒకటి పెట్టించుకోండి. మధ్యలో బాగా లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకోండి.

మన దేశంలో క్లినికల్ సోషల్ వర్కర్ అన్న పేరుతో లైసెన్స్ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గుర్తించేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. సోషల్ వర్క్‌లో పీజీ, దానిపైన రెండేళ్ళ పూర్తికాలం ఎంఫిల్, అందులో ఆసుపత్రి శిక్షణ ఉండాలి. ఆంధ్రా యూనివర్సిటీలోనో మరోచోటో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఒక్కటే చేసినవాళ్ళు మంచి పని చేస్తూ ఉండొచ్చు, అయినా ఈ చట్టం లెక్కలో ఆ పేరు వాళ్ళకి చెల్లదు. 'కౌన్సెలర్' అన్న బోర్డు చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి. డిగ్రీ ఏది, ఎక్కడ చేశారు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉందా అని మర్యాదగా అడగండి. క్లినికల్ సైకాలజిస్టయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ నంబరు అడగండి. అడిగినందుకు చిరాకుపడే మనిషి దగ్గరికి వెళ్ళొద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇక గది. నా లెక్కలో ఆన్‌లైన్ సెషన్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. రెండు బెడ్‌రూముల ఫ్లాట్, హాల్లో అత్తగారు, వంటింట్లో కుక్కర్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే థెరపిస్టు గొంతు బయటికి పోదు కానీ మీ గొంతు పోతుంది. తలుపు బయట టేబుల్ ఫ్యాన్ పెట్టి తలుపు వైపే తిప్పండి, లేదా హాల్లో టీవీ కాస్త పెద్దగా ఉంచండి. గదిలో కిటికీ పక్కన కాకుండా బట్టల బీరువా వైపు కూర్చుంటే మాట తక్కువ దూరం పోతుంది. మేడ మీద బాగుంటుందని చాలామంది అనుకుంటారు. బీచ్ రోడ్డు వైపు మేడల మీద గాలి హోరు మైకులో నిండిపోతుంది, నీరసంగా ఏడుస్తూ చెప్పిన మాట అవతలికి చేరనే చేరదు. కారులో మాట్లాడాలంటే రద్దీ లేని వీధిలో నీడపట్టున ఆపుకోండి. బండి నడుపుతూ ఉంటే థెరపిస్టు సెషన్ ఆపేయాలి, ఆపేస్తారు కూడా. నైట్ షిఫ్ట్ దిగిన పొద్దున సెషన్ పెట్టుకోకండి. నిద్రలేమి, దిగులు కలిసిపోయి ఏది ఏదో తెలియదు.

ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. పుస్తకాలకి ఆనించి కళ్ళ ఎత్తులో పెట్టి, వెలుతురు మొహం మీద పడేలా చూడండి. కన్నీళ్ళు, చేతుల వణుకు కనబడితేనే అవతలివాళ్ళకి సగం సంగతి తెలుస్తుంది.

మిమ్మల్ని కొట్టే మనిషి అదే ఇంట్లో ఉంటే ఈ చిట్కాలు చాలవు. మొదటి సెషన్లోనే ఒక గుర్తుమాట అనుకోండి. ఆ మాట వినగానే థెరపిస్టు విషయం మార్చి మామూలు కబుర్లలోకి రావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181.

మొదటి సెషన్ గంట దాకా పడుతుంది. సమ్మతి పత్రం, అత్యవసరంలో పిలవాల్సిన మనిషి నంబరు, కాల్ తెగితే ఎవరు ఎవరికి చేయాలన్నది అందులోనే తేలాలి. "ఐదు నిమిషాలు చూసి నేనే మామూలు ఫోన్ చేస్తాను" అనే ఏర్పాటు ముందే ఉంటే, ఏడుపు మధ్యలో తెర ఆగిపోయినా మనిషి బెంబేలెత్తడు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఇస్తారు. మొత్తం మార్కులు 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఓ మాదిరి డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. కొన్ని వారాలకోసారి మళ్ళీ నింపిస్తారు, ఐదు పాయింట్లు తగ్గితే నిజమైన మార్పే. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని దాటేయకండి.

సోషల్ వర్కర్ ప్రత్యేకత ఏమిటంటే, మీ తలలోని ఆలోచనలతో పాటు మీ చుట్టూ ఉన్నదీ అడుగుతారు. ఇంటి అప్పు, ఆస్తి తగాదా, పడక మీదున్న మామగారికి సేవ, సదరం (వైకల్య) సర్టిఫికెట్ రాకపోవడం. ఇవేవీ చికిత్సకి బయటివని దాచకండి. కుటుంబాన్నీ పిలుస్తారు, మీరు ఒప్పుకుంటేనే. డల్లాస్ అబ్బాయి సెషన్లో తల్లిదండ్రులు విశాఖ నుంచి ఒకరోజు కలవాల్సి వస్తే గడియారం చూసుకోండి. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర ఇక్కడ ఎండాకాలంలో పొద్దున ఏడు, శీతాకాలంలో ఎనిమిది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారాలు మారతాయి. ఆ వారాల్లోనే సెషన్లు తప్పిపోతాయి.

"మా వాడు మీకేం చెప్పాడమ్మా?" అని విడిగా ఫోన్ చేసే నాన్నలకి ఒక మాట. పెద్దవాడైన కొడుకు అనుమతి లేకుండా థెరపిస్టులు చెప్పకూడదు. మన 2017 చట్టం 23వ సెక్షన్ కూడా ఆ గోప్యతని హక్కుగానే చెప్పింది. ప్రాణాపాయం లాంటి సందర్భాలు మాత్రం మినహాయింపు.

చచ్చిపోవాలని పథకం వేసుకున్నవాళ్ళకి, లేని గొంతులు వినపడుతున్నవాళ్ళకి, రోజూ బాగా తాగి ఒక్కసారిగా మానేసినవాళ్ళకి వీడియో కాల్ సరిపోదు. మద్యం ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, మతి తప్పొచ్చు. వాళ్ళని విశాఖలో అయితే కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) చినవాల్తేరు మానసిక వైద్యశాలకో తీసుకెళ్ళాలి, 108 పిలవాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక వస్తే సెషన్ ముందురోజుకి జరపమని అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటూ ఫోన్లూ ఎన్నాళ్ళు లేవో ఈ ఊరికి తెలుసు. సిగ్నల్ కాస్త ఉండి ఇంటర్నెట్ లేని రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి మామూలు కాల్ చేయొచ్చు. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఫోన్లో ఉంటే చాలదు, చార్జింగ్ అయిపోయినా కనబడేలా బీరువా తలుపు లోపల రాసి అంటించండి.