స్లైడర్ ముట్టుకునే ముందు: రియలిజం సెట్టింగులు ఏఐ కార్లని ఏం చేస్తాయి

"ఏఐ 95లో పెడితే అందట్లేదు, 90లో పెడితే నిద్రొస్తోంది." కంప్యూటర్‌లో కార్ల రేసింగ్ గేములు ఆడటానికి స్టీరింగ్ వీల్ కొత్తగా బిగించుకున్న వాళ్లందరూ మొదటి నెలలో అనే మాటే ఇది. ఏఐ అంటే గేమే నడిపే ప్రత్యర్థి కార్లు, ఆ అంకె వాటి వేగాన్ని పెంచే, తగ్గించే స్లైడర్‌ది. చాలాసార్లు తప్పు ఆ అంకెది కాదు. స్లైడర్ కుదిరాక టైర్ల అరుగుదల ఆపేసి ఉంటారు, లేదా ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తీసేసి ఉంటారు. తూకం వేశాక తక్కెడ మార్చినట్టే.

అసలు ఆ 95 కూడా ఒక్కో గేమ్‌లో ఒక్కో అర్థం. అసెట్టో కోర్సా కాంపిటీజియోనేలో స్కేలు 80 నుంచి 100 వరకు. రేస్‌రూమ్‌లో 80 నుంచి 120. కోడ్‌మాస్టర్స్ వాళ్ల ఎఫ్1 గేముల్లో 2017 నుంచి 0 నుంచి 110. ఒక గేమ్‌లో కుదిరిన అంకెను ఇంకో గేమ్‌కి మోసుకెళ్లి లాభం లేదు.

రియలిజం మెనూలో, అంటే ఆట నిజం కారుకి ఎంత దగ్గరగా ఉండాలో ఎంచుకునే చోట, మీటలన్నీ ఒక జాతివి కావు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ (గ్యాస్ నొక్కితే చక్రాలు జారకుండా చూసేది), స్టెబిలిటీ, ఆటో గేర్లు, రేసింగ్ లైన్ (రోడ్డు మీద గీసి చూపే సరైన దారి) మీ కారుకే. ఏఐకి వాటితో పని లేదు. ట్రాక్ గ్రిప్ (రోడ్డు మీద పట్టు), వాన, ఇంధనం, టైర్ల అరుగుదల అందరివీ, పేరుకి. పేరుకి అనడం ఎందుకంటే, ఏఐ కారు ఏ ఫిజిక్స్ (కారు, టైర్ల కదలికను గేమ్ కట్టే లెక్క) మీద నడుస్తోందన్న దాన్ని బట్టే మిగతాదంతా ఉంటుంది. 2014 నాటి అసెట్టో కోర్సాలో ఏఐ కార్లు కూడా మీ కారు నడిచే ఫిజిక్స్ మీదే నడుస్తాయి. ట్రాక్‌ని ఆప్టిమమ్ (100 శాతం గ్రిప్) నుంచి డస్టీకి (86 శాతం) దించితే వాటి చక్రాలకీ పట్టు తగ్గుతుంది. ఆటోమొబిలిస్టా 2లో ఏఐకి కుదించిన ఫిజిక్స్. పాతిక ముప్ఫై కార్లకి పూర్తి టైర్ మోడల్ లెక్కించాలంటే ప్రాసెసర్‌కి తలకు మించిన పని కాబట్టి చాలా గేములు ఇదే దారి పడతాయి. గుట్టు వానలో బయటపడుతుంది: నీళ్లు నిలిచిన మలుపులో మీరు బొంగరంలా తిరుగుతుంటే పక్కనుంచి ఏఐ ఎంఎంటీఎస్ రైలులా పట్టాల మీద పోతుంది.

మీ గేమ్ ఏ రకమో కనుక్కోడానికి ఒక సాయంత్రం చాలు. ఇంధన వాడకం ఆపి, టైర్ల అరుగుదల పెట్టి, 15 ల్యాపుల (చుట్ల) రేసు వేయండి. మీరు పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) ఆగిపోయినా పర్లేదు. ముందు ఎవరూ లేకుండా పోతున్న ఏఐ కారు ఒకదాన్ని పట్టుకుని 3వ ల్యాప్ నుంచి చివరిదాకా సమయాలు రాసుకోండి. మొదటి రెండు ల్యాపులు రద్దీ, చల్లటి టైర్లు కాబట్టి వదిలేయండి. టైర్లు నిజంగా అరుగుతుంటే సమయాలు మెల్లగా పెరగాలి. తర్వాత అరుగుదల ఆపి, ఇంధనం పెట్టి మళ్లీ వేయండి. ఇప్పుడు సమయాలు తగ్గాలి. ఎఫ్1 కార్లకి మోటు లెక్క: 10 కిలోల ఇంధనం బరువు ల్యాప్‌కి సుమారు 0.3 సెకను. రెండు రేసుల్లోనూ ఏఐ సమయాలు గీత గీసినట్టు సమానంగా ఉన్నాయంటే ఆ భారం మీ ఒక్కరి నెత్తి మీదే ఉందని అర్థం. అలాంటి గేమ్‌లో అరుగుదలను రెండింతలు, మూడింతలు చేసి "ఏఐ మోసం" అని తిట్టుకోవడం దండగ. మామూలు స్థాయికి (1x) దించండి, లేదా ఆపేయండి.

ఇంకో పరీక్ష: మూడో ల్యాప్‌లో పది సెకన్లు రోడ్డు పక్కన ఆగండి. ముందున్న కారు ల్యాప్ సమయం ఉన్నట్టుండి పెరిగితే మీకోసం అది ఆగుతోంది. అంటే క్యాచప్ ఉంది. మెనూలో మీట ఉంటే ఆపేయండి. లేకపోతే ఆ గేమ్‌లో స్లైడర్ లెక్కలు వేయడం మానేయండి.

రియలిజం అంటే అన్నీ ఆపేయడం అనుకోవడం మనలో బాగా పాతుకుపోయింది. నిజమైన జీటీ3 కార్లకి (స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసే రేసు కార్లు) ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఉంటాయి. అవి తీసేస్తే మీ కారు వాస్తవానికి దూరమవుతుంది, పైగా ల్యాప్ సమయం పోతుంది. ఏఐ మాత్రం ఎప్పటిలాగే పోతుంది.

డ్యామేజ్ సంగతి వేరు, ఇది ఎదుటివాళ్ల ప్రవర్తనకంటే మీ ప్రవర్తననే ఎక్కువ మారుస్తుంది. సున్నాలో ఉంటే ఏఐ కారునే గోడలా వాడుకుని మలుపు తిరగడం అలవాటవుతుంది. పూర్తిగా పెట్టి అగ్రెషన్ (ఏఐ దూకుడు) 100లో ఉంచితే మొదటి మలుపులోనే సగం రేసు ముగుస్తుంది. డ్యామేజ్ పెంచితే అగ్రెషన్ 60, 70కి దించడం మేలు. ఓపెన్ సోర్స్ గేమ్ టార్క్స్‌లో స్థాయి ప్రతి డ్రైవరుకీ విడిగా ఉంటుంది. మీరు రూకీ (అన్నిటికంటే కింది స్థాయి) అయితే మీ కారుకి డ్యామేజ్ పడదు, ఎదురున్న రోబో (ఏఐ డ్రైవరు) స్థాయి పెద్దదైతే దానికి పడుతుంది. ఢీకొట్టి గెలిచి మురిసిపోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ తేలాకే స్లైడర్. రియలిజం సెట్టింగులు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, వాటిని ఇక ముట్టుకోకండి. ఒకే టైరు, ఒకే ఇంధనంతో పది ల్యాపులు నడిపి, మొదటి రెండూ తప్పు చేసినవీ తీసేసి సగటు కట్టండి. ఏఐని రెండు అంకెల దగ్గర కొలవండి, గ్రిడ్ (బయలుదేరే వరుస) మధ్యలో ఉండే కారుతో. ఉదాహరణకి 90లో అది 1:32.4, 94లో 1:31.2 తిరిగితే నాలుగు పాయింట్లకి 1.2 సెకను, పాయింటుకి 0.3. మీ సగటు 1:31.7 అయితే మీ చోటు 92. క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ చోటునుంచి బయలుదేరాలో తేల్చే పోటీ) సమయాలతో మాత్రం లెక్క కట్టకండి. కొన్ని గేములు వాటిని నడపకుండానే పుట్టిస్తాయి.

ఒక ట్రాక్‌లో తేలిన అంకె అన్ని చోట్లా పనిచేయదు. ఇటలీలోని మోంజా లాంటి పొడవాటి నేరు దారుల్లో ఏఐ బాగా పోతుంది, గోడల మధ్య ఇరుకు మలుపుల్లో తడబడుతుంది, లేదా గేమ్‌ని బట్టి దీనికి తలకిందులు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు తిరిగిన దారి గుర్తుందిగా, 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. అలాంటి వీధి ట్రాక్‌కి ఒక అంకె, వేగం ట్రాక్‌కి ఒకటి, మధ్యరకానికి ఒకటి, మూడు రాసుకుంటే చాలు. మోడ్ ట్రాక్ (ఆటగాళ్లు తయారుచేసి పంచుకునేది) అయితే అసెట్టో కోర్సాలో ట్రాక్ ఫోల్డర్‌లోని ఏఐ ఫోల్డర్ తెరిచి ఫాస్ట్ లేన్ ఫైలు ఉందో లేదో ముందే చూడండి. అది లేకపోతే ఏఐకి దారే తెలియదు. ఉన్నా నిర్లక్ష్యంగా రికార్డు చేసి ఉంటే ఏ స్లైడరూ ఆ కారుని బాగుచేయలేదు.

చివరిగా ఎండాకాలం సంగతి. పూర్తి ఫిజిక్స్ మీద నడిచే ఏఐ కార్ల బరువంతా ప్రాసెసర్ మీదే. మే నెల మధ్యాహ్నం, డాబా కింద గది, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నప్పటినుంచి హీట్‌సింక్ దుమ్ము దులపని పీసీ. ప్రాసెసర్ వేడికి తగ్గి నడుస్తుంది, ఆట కుంటుతుంది, అసెట్టో కోర్సా అయితే సీపీయూ ఆక్యుపెన్సీ (ప్రాసెసర్ మీద భారం ఎక్కువైందని) హెచ్చరిక చూపిస్తుంది. గ్రాఫిక్స్ తగ్గిస్తే దీనికి పెద్దగా ఉపయోగం ఉండదు. కార్లు 24 నుంచి 16కి తగ్గించండి, లేదా రాత్రి చల్లబడ్డాక ఆడండి.