128 కేబీపీఎస్‌లో బతుకమ్మ చప్పట్లు

మా బాపు దగ్గర ఒక రేకు పెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. వాటిలో కొన్నవి కొన్నే. హన్మకొండలో మా వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నప్పుడు, ఊళ్లో ఒగ్గు కథ చెప్పించినప్పుడు టేపు రికార్డరు పక్కన పెట్టుకొని ఆయన స్వయంగా నింపుకొన్నవే ఎక్కువ. పదేళ్ల కిందట వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని ఒక దుకాణానికి అప్పగించి, పెన్ డ్రైవ్ చేతికి రాగానే, వాటిలో బూజు పట్టిన క్యాసెట్లను ఇక అవసరం లేదనుకొని పారేశాము. ఆ తొందరపాటు మాదే.

నిరుడు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. 'ఉయ్యాలో' అన్న చోట పడే చప్పట్లలో ప్రతి దెబ్బకూ ముందు సన్నగా 'ష్' మన్న చప్పుడు వినిపిస్తున్నది. ఫైళ్లు చూస్తే అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లు, అంటే సెకను ధ్వనికి 128 కిలోబిట్లు మాత్రమే ఖర్చుపెట్టినవి. ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే చిత్రం) తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్టు కనిపించింది. మొదట నా కోపమంతా ఆ కోత మీదికే పోయింది గాని, ఆలోచిస్తే దానివల్ల మాకు జరిగిన నష్టం దాదాపు లేదు. మైకు కూడా అందులోనే ఉండే ఆ చిన్న టేపు రికార్డరు అంత పైస్థాయి ధ్వనిని పట్టుకోగలిగింది కాదు. అక్కడ ఉన్నది టేపు బుస మాత్రమే.

నష్టం జరిగింది కాలంలో. ఎంపీ3 ధ్వనిని 576 నమూనాల (ధ్వనిని కొలిచిన విలువల) చొప్పున, అంటే సెకనుకు 44,100 నమూనాలుండే సీడీ వేగంలో సుమారు 13 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకొని, ఒక పెద్ద ధ్వని చాటున మన చెవికి అందని చిన్న ధ్వనుల మీద పొదుపు చేస్తుంది. ఆ పొదుపువల్ల పుట్టే రొద ముక్క అంతటా పరచుకుంటుంది. సన్నాయి వంటి సాగే స్వరంలో అది దాగిపోతుంది; నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచే చప్పట్లలో, డోలు దెబ్బలో మాత్రం దెబ్బకు ముందే బయటపడుతుంది. ఇటువంటి చోట్ల వాడేందుకు 192 నమూనాల పొట్టి ముక్కలు ఎంపీ3లో ఉన్నాయి. అయితే వాటికి బిట్లు ఎక్కువ కావాలి, 128లో ఆ వెసులుబాటు తక్కువ. పైగా టేపు బుస కూడా ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడర్‌కు సంగీతం కిందే లెక్క కాబట్టి, ఉన్న కొద్ది బిట్లలో అదీ వాటా అడుగుతుంది.

మా బావమరిది ఆ ఫైళ్లనే 320 కేబీపీఎస్ ఎంపీ3కి గాని, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌లోకి గాని మార్చుకొమ్మని సలహా ఇచ్చాడు. పిండిని మళ్లీ గింజలు చేయలేము. 128 నుంచి 320కి మారిస్తే, పోయింది పోగా, రెండోసారి ఎన్‌కోడ్ చేసిన నష్టం అదనంగా చేరుతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే కొత్త నష్టమేమీ ఉండదు గాని, చెడిన ధ్వనే పెద్ద ఫైలులో భద్రంగా ఉంటుంది.

మిగిలిన క్యాసెట్లను ఈసారి నేనే ఎక్కించాను. ఒక్కో నమూనాకు 24 బిట్లు, సెకనుకు 48 వేల నమూనాలు (48 కిలోహెర్ట్జ్) చాలనుకున్నాను. 24 బిట్లు దేనికంటే, డోలు ఎప్పుడు గట్టిగా మోగినా ధ్వని పగలకుండా రికార్డింగ్ స్థాయిని తగ్గించి పెట్టుకోవడానికి. 96 కిలోహెర్ట్జ్ ఈ క్యాసెట్లకు శుద్ధ దండగ. బాపు రికార్డరు మోనో, అంటే ఒకే చానెల్‌ది కాబట్టి రెండు చానెళ్లు దాచవలసిన పని లేదు, వాటిని కలపడమూ మంచిది కాదు. టేపును చదివే హెడ్ కాస్త వంకరగా ఉన్నా, కలిపినప్పుడు పైస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బాగున్న చానెల్ ఒక్కటే ఉంచుకున్నాను. అలా గంట క్యాసెట్‌కు 518 ఎంబీ వచ్చింది. బుసను కుదించడం కష్టం కనుక ఫ్లాక్ చేసినా, స్టూడియో పాటల మాదిరిగా అది సగానికి దిగలేదు. ఫ్లాక్‌లో 0 నుంచి 8 దాకా ఉన్న అంకెలు నాణ్యతవి కావు, కుదింపుకు పట్టే శ్రమవి. నేను 8 పెట్టి ఊరుకున్నాను. బుస తొలగించాలన్న ఆశ కలిగినా, ఆ పని ఎప్పుడు చేసినా నకలు మీదనే గాని మూలం మీద చేయకూడదని నిశ్చయించుకున్నాను.

వినడానికి వేరే నకళ్లు ఉన్నాయి. మా చిన్నమ్మ వాళ్ల కారు స్టీరియో ఎంపీ3 తప్ప మరొకటి ఎరుగదు కాబట్టి, దానికోసం లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌తో, బిట్లు అవసరాన్ని బట్టి మారే వి2 అమరికలో చేశాను. చప్పట్లు వచ్చిన చోట బిట్లు పెంచి, ఒగ్గు కథకుడు ఊపిరి తీసుకునే చోట తగ్గించుకునే ఈ పద్ధతి, అంతటా ఒకే 320 కుమ్మరించడం కంటే నాకు తెలివైనదిగా తోచింది. ఫోన్ల కోసం ఓపస్ అనే మరో కుదింపు ఫార్మాట్, మోనోలో 96 కేబీపీఎస్. ఏది ఏదో తెలియకుండా కలిపి వింటే, దీన్నీ ఫ్లాక్‌నూ నా చెవి వేరు చేయలేకపోయింది.

దుకాణం ఇచ్చిన ఫైళ్లలో క్యాసెట్ మిగలనివి పదహారు. వాటిని వేరే ఫోల్డర్‌లో, ఉన్నవి ఉన్నట్టే 128లో ఉంచాను. కారులోకైనా ఫోన్‌లోకైనా అవే ఫైళ్లు నేరుగా వెళతాయి. ఇంకే ఫార్మాట్‌లోకీ మార్చను.