ఆరుకు పది నిమిషాల ముందు

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మాఘమాసం నుంచీ నన్ను తమ నడక బృందంలోకి రమ్మని పిలుస్తూనే ఉన్నారు. వేసవి గడిచింది, వానలు మొదలయ్యాయి, నేను మాత్రం ప్రతిసారీ ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. అసలు సంగతి ఆవిడకు చెప్పలేదు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేసిన వేళ, చేతులు ఊపుకుంటూ సాగిపోయే గుంపులను చూసినప్పుడల్లా, వాళ్లందరూ మలుపు దాటిపోయాక వెనక ఒక్కదాన్నే ఆయాసపడుతూ మిగిలిపోతానేమోనని నాకు బెరుకుగా ఉండేది.

దానికి తోడు పాత అనుభవం ఒకటి ఉంది. మూడేళ్ల కిందట ఒక జిమ్‌లో ఏడాది రుసుము ముందే కట్టి, సరిగ్గా 11 రోజులు వెళ్లాను. ఆ తర్వాత ఆ రోడ్డున వెళ్లవలసి వస్తే తల తిప్పుకుని వెళ్లేదాన్ని. డబ్బు కట్టిన చోటికే వెళ్లని మనిషిని, చందా కూడా లేని బృందానికి వారానికి మూడు రోజులు వెళ్తానా అని నా మీద నాకే నమ్మకం లేకపోయింది.

చివరికి జూలైలో ఒక సోమవారం ఉదయం 5:30కి కాళీమాత గుడి ముందుకు వెళ్లాను. పదిహేను మంది దాకా ఉన్నారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన ఒకాయన నా పేరు అడిగి, “ఒకటే నియమమమ్మా. మీ తీరున మీరు నడవండి. ఆరుకు పది నిమిషాలు ఉందనగా ఎక్కడున్నా సరే వెనక్కి తిరిగేయండి” అన్నారు. మరో మాట చెప్పలేదు. ఇంతేనా అనుకున్నాను కానీ, ఆ నియమంలోని తెలివి నాకు 5:50 దాటాక గాని అర్థం కాలేదు.

ఫలానా చోటు దాకా వెళ్లి తిరిగి రావాలని పెట్టుకుంటే, వేగంగా నడిచేవారు ముందే ముగించి నిలబడతారు, నెమ్మదిగా నడిచేవారు వాళ్లందరూ చూస్తుండగా చివరగా చేరుకుంటారు. చోటుకు బదులు సమయం పెట్టుకుంటే లెక్క మారిపోతుంది. ఇరవై నిమిషాల్లో నేను ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కుర్సురా జలాంతర్గామిని దాటి నాలుగడుగులు వేశానో లేదో, బృందంలో చురుకైనవాళ్లు పార్క్ హోటల్ వైపు చాలా దూరం వెళ్లిపోయారు. అందరం ఒకేసారి వెనక్కి తిరిగేసరికి ఇంతసేపూ చిట్టచివర ఉన్న నేను అందరికంటే ముందున్నాను. ఎవరి వేగం వారు తప్పకపోతే, ఎంత దూరం పోయినవారైనా మళ్లీ ఇరవై నిమిషాలకు గుడి దగ్గరికి ఒకేసారి చేరాల్సిందే. నేను దారిలో రెండుసార్లు ఆగాను కాబట్టి నాలుగైదు నిమిషాలు ఆలస్యమైంది. మా పెద్దావిడ పిట్టగోడ మీద కూర్చుని నాకోసం మంచినీళ్ల సీసా పట్టుకుని ఉన్నారు.

ఆ రోజు మా అబ్బాయి పాత బూట్లు వేసుకుని వెళ్లడం నా తెలివితక్కువతనం. ఇంటికి వచ్చి మేజోడు విప్పితే, మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేలా కొత్తవి కొనుక్కున్నాక మళ్లీ ఆ బాధ రాలేదు.

నా ప్రగతికి కొలబద్ద కుర్సురాయే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న ఆ జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. ముక్కు నుంచి తోక దాకా మొదటి వారంలో నాకు 170 అడుగులు పట్టాయి, రెండు నిమిషాలు గడిచాయి. ఇప్పుడు 150 అడుగులు, నిమిషంన్నర. అంటే నిమిషానికి 100 అడుగులు. పెద్దవాళ్లకు చురుకైన నడక అక్కడే మొదలవుతుందని చెబుతారు. అడుగులు లెక్కపెట్టే ఓపిక లేకపోతే, మాట్లాడగలిగి పాట పాడలేని వేగం సరైనదని మా మాస్టారి సూత్రం. మా బృందంలో పాట ఎవరూ ప్రయత్నించరు కానీ, మధురవాడలో స్థలాల ధరల గురించి మాత్రం ఏ వేగంలోనైనా మాట్లాడగలరు.

పదివేల అడుగులు నిండలేదని ఫోన్ చూసుకుని దిగులుపడే ఆయన ఒకరున్నారు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకు ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చేలా పెట్టిన పేరు నుంచే ఆ అంకె వ్యాపించిందని చెప్పినా ఆయన దిగులు తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. మా మూడు రోజులకు 120 నిమిషాలే అవుతాయి గనుక, మిగిలిన ముప్పై నిమిషాలకు ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు ఆటో ఎక్కకుండా వెళ్తున్నాను. బరువైన సంచితో వచ్చేటప్పుడు మాత్రం ఆటోనే.

బృందం ఉచితమే గాని, నడక అయ్యాక బండి దగ్గర తాగే రాగిజావకు ఎవరి డబ్బు వారిదే. హాజరు పట్టీ కూడా లేదు. అయితే, “ఒకరోజు రాకపోతే అడగను, వరసగా రెండు రోజులు రాకపోతే ఫోన్ చేస్తాను” అని పెద్దావిడ మొదటి వారమే చెప్పారు. శ్రావణంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్లి రెండు రోజులు మానేశాను. ఇంటికి చేరిన రాత్రి ఆవిడ ఫోన్ రానే వచ్చింది. “ఒంట్లో బాగుందా అమ్మా?” అని మాత్రమే అడిగారు.

మర్నాడు 5:25కే గుడి ముందు ఉన్నాను. బూట్ల లోపల కాళ్లకు పారాణి ఇంకా పోలేదు.