గోడ అడుగున ఒక కన్నం

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి మా విజయనగరం జిల్లాలో జీడితోటలు, సరుగుడు తోటలు ఒక్కొక్కటిగా లేఅవుట్లవుతున్నాయి. మా ఊరి పక్క వెంచరుకు ప్రీకాస్ట్ సిమెంటు పలకల గోడ లేచాక, ఒక ముంగిస పిల్లలను వెంటేసుకుని, నేలకు ముక్కు ఆనించి, ప్రతి పలక దగ్గరా ఆగి సందు కోసం వెతకడం చూసి మనసు చివుక్కుమంది.

బ్రిటన్‌లో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు తిరగడానికి కంచెల అడుగున 13 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల కన్నం వదలాలని స్వచ్ఛంద సంస్థలు 2011 నుంచి ప్రచారం చేస్తుండగా, కొందరు బిల్డర్లు కొత్త ఇళ్లకు అలాంటి కంచెలే వేస్తున్నారు. మేము కొందరం కలిసి వెంచరు యజమానిని అదే కోరాము. గెడ్డ (చిన్న వాగు) పక్క పొదలు కొట్టవద్దని, పొక్లెయిన్ దించే ముందు బొరియలు చూసుకోవాలని, ఉడుమును చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పాము. పాములొస్తాయని కొనేవారు భయపడతారని ఆయన అన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, కానీ పాములను వేటాడేది ఆ ముంగిసే కదా.

చివరకు గెడ్డ వైపు గోడకు మాత్రం కన్నాలు వదలడానికి ఒప్పుకున్నారు. తోట వైపు గోడ కోసం మళ్లీ వెళ్తున్నాము. అక్కడ ప్లాట్లు కొన్నవారు కూడా మాతో రావాలని కోరుతున్నాను.