నల్లగొండల కిరాయి ఇల్లు: ముందు నల్లా, తర్వాతే అర్ర

డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు ‘దోస్త్’ల మా తమ్మునికి ఎన్జీ కాలేజీల సీటొచ్చింది. నేను అప్పటికే మహాత్మాగాంధీ యూనివర్సిటీల పీజీ చేస్తున్న, హాస్టల్ల ఉంటున్న. ఇద్దరికి కలిపి ఓ పోర్షన్ చూడుమన్నది అమ్మ. ఎన్జీ కాలేజీ 1956ల పెట్టింది. రామగిరి దిక్కు గల్లీలల్ల ఎన్ని తరాల పిల్లలు కిరాయికుండి చదువుకున్నరో లెక్కలేదు. అందుకే అక్కడి ఓనర్లు మనం నోరు తెరవకముందే షరతులు చెప్తరు.

ఎవరెవరుంటరు? మటన్ వండుతరా? దోస్తులొస్తరా? అక్కాతమ్ముళ్లమంటే నమ్మక, ఆధార్‌ల నాయిన పేరు చూపియ్యుమన్నరు. ఆఖరికి మెల్లగ ‘ఇంటిపేరేంది బిడ్డా?’ అంటరు. అది దేనికడుగుతరో అందరికీ ఎరుకే. ఒకింట్ల ఇంటిపేరు చెప్పంగనే ‘అయ్యో, మా చుట్టాలే వస్తున్నరు’ అన్నరు. ఆ గేటుకు టులెట్ బోర్డు తర్వాత కూడ అట్లనే ఉన్నది.

మాకు కలిసొచ్చింది ఆషాఢం. ఆ నెలల ఎవరూ ఇల్లు మారరు, కొత్తగ పాలు పొంగియ్యరు. శ్రావణం దాకా ఖాళీగ పెట్టుకునుడెందుకని ఓనర్లు కిరాయి కాడ కొంచెం దిగుతరు. చదువుకునే పిల్లలం, మాకు ఆషాఢమేంది, శ్రావణమేంది అని అమ్మను ఒప్పించిన.

పానగల్లుల ఛాయాసోమేశ్వరాలయం దిక్కు ఓ ఇల్లు చౌకగ దొరికింది గని, పొద్దుగూకినంక ఆటోలు లేవు. రామగిరిల ఇంకోటి, పైఅంతస్తు, మస్తు గాలి. అమ్మ వంటర్ర కూడ చూడకుండ సీదా నల్లా కాడికి పోయింది. మా ఊర్ల ఫ్లోరైడుతోని నడుములు వంగినోళ్లను చూసి పెరిగినోళ్లం మరి. ‘బోరు నీళ్లు తియ్యగుంటయమ్మా’ అన్నడు ఇంటాయన. బకెట్ అంచుకు పేరుకున్న తెల్ల పొరను గోటితోని గీకి చూపించింది అమ్మ. ఆ పొర నీళ్ల కాఠిన్యం సంగతి చెప్తది, అంతే. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పనికిరావంటరు, అది పరీక్ష చేపిస్తెనే తెలుస్తది. కాగవెట్టి తాగుతె పోతదనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. నీళ్లు ఆవిరైతయి గని ఫ్లోరైడు గిన్నెలనే ఉంటది.

అందుకే కృష్ణా నీళ్ల కనెక్షనున్న ఇల్లే కావాలనుకున్నం. సాగర్ నీళ్లు పానగల్లు ఉదయసముద్రానికి వచ్చి, అక్కడికెల్లి నల్లగొండ పట్నానికి వస్తయి. కిరాయి ఎంతని అడిగే ముందు మేం అడిగింది మూడు ముచ్చట్లు: నల్లా ఏ పూట వస్తది, సంపు ఉన్నదా, ఆ నీళ్లు పై పోర్షనుకు కూడ ఎక్కిస్తరా. చానా ఇండ్లల్ల మూడోదానికే నీళ్లు నమిలిన్రు.

ఆఖరికి రవీంద్రనగర్ల కింది పోర్షన్, రూ.5,500, రెండు నెలల అడ్వాన్సు. కాగితం పదకొండు నెలలకు రాసుకున్నం. కరెంటు మీటరు వేరుగ ఉన్నదా అని చూసినం. రెండు పోర్షన్లకు ఒక్కటే మీటరైతే 200 యూనిట్లు దాటుడు ఎంత సేపు, సర్కారు ఫ్రీ కరెంటు ‘గృహజ్యోతి’ పోయి మొత్తం బిల్లు పడతది. మా రేషన్ కార్డు ఊర్ల మీటరుకే ఎక్కింది కాబట్టి ఇక్కడ మాకు జీరో బిల్లు ఎట్లాగూ రాదు. అయినా పక్కోళ్ల ఫ్రిజ్ బిల్లు మేమెందుకు కట్టాలె?

ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చుకని ఒక నెల కిరాయి పట్టుకుంటరట. సగం నెలకు బేరం చేసి, అది కూడ కాగితం మీద రాపిచ్చిన. ఇంటామె నవ్వి, ‘గీ పోరి వకీలు చదువుతున్నదా’ అని అమ్మనడిగింది.