నది దగ్గరికి రాలేనివారికీ పుష్కరం

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

చెంబుతో నీళ్లు ముంచుకునే ముందు ఈ శ్లోకం చదవడం చాలా ఇళ్లలో అలవాటే. ఏడు నదులనూ పేరుపేరునా పిలిచి, ఈ నీటిలోకి రమ్మని వేడుకుంటాం. తీర్థానికి మనం వెళ్లడం ఒక మార్గమైతే, తీర్థాన్ని మన దగ్గరికి పిలుచుకోవడం మరొకటి. 2027లో గోదావరి పుష్కరాలు. ఏర్పాట్ల మాట వచ్చినప్పుడల్లా మొదటి మార్గం గురించే ఆలోచిస్తున్నాం. రెండోదానికీ చోటిస్తే పుష్కరం ఇంకా ఎంతోమందికి అందుతుంది.

గురుడు, అంటే బృహస్పతి, సింహరాశిలో అడుగుపెట్టిన నాటి నుంచి 12 రోజులు ఆది పుష్కరం. ఆ రాశి విడిచే ముందు 12 రోజులు అంత్య పుష్కరం. మధ్యకాలంలో రోజూ మధ్యాహ్నం రెండు ముహూర్తాలు, అంటే 96 నిమిషాలు, తీర్థాలకు అధిదేవత అయిన పుష్కరుడు నదిలోనే ఉంటాడు. బ్రహ్మ సమక్షంలో బృహస్పతికీ పుష్కరుడికీ కుదిరిన ఒప్పందం ఇదని పురాణ కథ. నాసిక్‌లో ఇదే గురుసంచారానికి సింహస్థం, అంటే అక్కడి కుంభమేళా, చేస్తారు, అక్కడ పర్వస్నానాలు నెలల పొడవునా పరుచుకుంటాయి. మనవాళ్లు మాత్రం మొదటి రోజు తెల్లవారుజామునే, అదీ పేరున్న రేవులోనే మునగాలంటారు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది ప్రాణాలు పోయింది ఆ మొదటి ఉదయమే. బాసరలోనైనా, ధర్మపురిలోనైనా, కాళేశ్వరం, భద్రాచలం, కొవ్వూరు, అంతర్వేదిలోనైనా ప్రవహించేది అదే గోదావరి. ఈ మాట పురోహితులు, ప్రవచనకర్తలు ముందు నుంచీ గట్టిగా చెబితే, పోలీసులు కట్టే బారికేడ్ల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక మునగలేనివారి సంగతి. స్మృతులు ఏడు రకాల స్నానాలు చెప్పాయి. నీటిలో మునిగేది వారుణం, అది ఏడింటిలో ఒకటి మాత్రమే. మంత్రంతో నీళ్లు చల్లుకుంటే మాంత్రం, పవిత్రమైన మట్టి పూసుకుంటే భౌమం, విభూతి ధరిస్తే ఆగ్నేయం, గోధూళి సోకితే వాయవ్యం, ఎండలో కురిసే వానలో తడిస్తే దివ్యం, విష్ణువును ధ్యానిస్తే మానసం. జ్వరంతో ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు, మంచం దిగలేని ముసలివారు మాంత్ర, మానస స్నానాలు చేసుకోవచ్చు. వీటిని తక్కువగా చూడడం మన అజ్ఞానం. పైన రాసిన శ్లోకం వేదమంత్రం కాదు, పౌరాణికం కాబట్టి దానికి ఉపనయనం అక్కర్లేదు. స్త్రీలు, పిల్లలు, ఏ కులంవారైనా సంప్రదాయాన్ని దాటకుండానే చదువుకోవచ్చు.

రేవులో చేయవలసిన పనులున్నాయి. చక్రాల కుర్చీ దిగాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు కావాలి. పది అడుగుల లోతుకు దిగే మెట్ల పక్కన అది 120 అడుగులవుతుంది, మధ్యలో ఆగడానికి చదునైన చోట్లు కూడా ఉండాలి. అంత స్థలం చాలా రేవుల్లో దొరకదు. పైగా వానాకాలంలో నీటిమట్టం మారితే వాలు చివర నీళ్లలో మునిగిపోతుంది, లేదా బురదలో తేలుతుంది. అందుకే గట్టు మీదే నది నీటితో జల్లుస్నానం ఏర్పాటు చేయడం మేలు. నీళ్లు జనం మునిగే చోటికి ఎగువన తోడాలి, దిగువన తోడితే మురికే వస్తుంది. కింద నేల జారకుండా గరుకుగా ఉండాలి, పట్టుకోవడానికి కడ్డీలు రెండువైపులా ఉండాలి. నీటి అంచున ఉన్న మెట్ల మీద నాచు త్వరగానే జారుడు తెస్తుంది, దాన్ని రాత్రిపూట రుద్ది కడిగించాలి. బట్టలు మార్చుకునే గదులు మెట్ల నెత్తిన కట్టడం తరచూ జరిగే పొరపాటు. తడిబట్టలతో పైకొచ్చేవారు అక్కడే ఆగిపోతారు, దిగేవారు వారికి ఎదురుపడతారు. ఆ గదులు బయటికి పోయే దారిలో, ఇంకాస్త ముందుకు ఉండాలి. ఆడవారికి మగవారికన్నా ఎక్కువ గదులు కావాలి.

సంకల్పం దగ్గర కూడా జనం ఆగుతారు. ఒక్కో కుటుంబానికి విడిగా చెప్పిస్తే వెనక వరస కదలదు. మైకులో ఒకేసారి అందరికీ చెప్పించి, గోత్రం, పేరు చెప్పుకునే చోట కాస్త ఆగితే చాలు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం అనుకోవచ్చన్న ఆనవాయితీ ఉండనే ఉంది. ఆ మాట మైకులోనే చెబితే ఎవరూ పక్కవారి ముందు తడబడరు. చెవులు వినపడనివారి కోసం తెర మీద పెద్ద అక్షరాలతో సంకల్పం కనిపించాలి, సంజ్ఞాభాష తెలిసినవారు పక్కన నిలబడాలి.

తర్పణాల చివర చదివే శ్లోకానికి అర్థం ఇది: తల్లి, తండ్రి, బంధువు, సగోత్రీకుడు అంటూ ఎవరూ లేనివారంతా నేను వదిలే ఈ నీటితో తృప్తి పొందుదురు గాక. పుష్కరంలో తొలిరోజు హిరణ్యశ్రాద్ధం (అన్నానికి బదులు డబ్బు ఇచ్చేది), తొమ్మిదోరోజు అన్నశ్రాద్ధం, పన్నెండోరోజు ఆమశ్రాద్ధం (వండని బియ్యం, పప్పులు ఇచ్చేది) పెట్టడం ఆచారం. ఆ మూడు రోజులూ శ్రాద్ధాల వరస, స్నానాల వరస వేరుచేస్తే ఇద్దరికీ సులువు. రేవులో ముఖ్యుల కోసం ప్రత్యేక ద్వారం తెరిచి మిగతావారిని ఆపేసే చోట ఆ శ్లోకం చదవడం నాకెందుకో ఇబ్బందిగానే అనిపిస్తుంది.

ఇంటికి నీళ్లు తెచ్చేవారు ప్రవాహంలోంచి పట్టాలి, రేవు అంచున నిలిచిన నీటిలోంచి కాదు. రాగి చెంబులో పోసి మూత గట్టిగా బిగిస్తే దారిలో ఒలకదు. బకెట్టు నీటికి ఒక ఉద్ధరిణెడు కలిపి 'గంగే చ యమునే' శ్లోకం చదివితే చాలు, ఒక చిన్న చెంబు వీధిలో వారందరికీ సరిపోతుంది. ఆ నీళ్లు తాగడానికి మాత్రం ఇవ్వకూడదు. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవారికి ఆ ఉద్ధరిణెడు నీళ్లూ అక్కర్లేదు, శ్లోకంలో గోదావరి పేరు ఉండనే ఉంది.