గంటసేపు కూర్చోవడానికి ఒక గ్రాంటు: నా అనుభవం

పాడేరు ఏజెన్సీలో మా చిన్న సంస్థ పదకొండు గూడేల్లో పని చేస్తుంది. వాటిలో నాలుగింటికి జీపు కూడా వెళ్లదు. నొప్పులొస్తే డోలీ కట్టాల్సిందే. 2023లో అక్కడి ఆడవాళ్ల ఆరోగ్యం కోసం ఒక కంపెనీని సీఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లోంచి సామాజిక పనులకు పెట్టే డబ్బు) గ్రాంటు అడిగాం. మొదటి ఉత్తరం నుంచి మొదటి విడత డబ్బు అకౌంట్లో పడేదాకా తొమ్మిది నెలలు పట్టింది. ఇదే పని మీద తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. మనలాంటి సంస్థకి సీఎస్ఆర్ డబ్బు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు చేసుకుంటే వచ్చే సీఎస్ఆర్-1 నంబరు కూడా కావాలి. మాకు ఆ నంబరు దగ్గరే ఆరు వారాలు పోయాయి. కారణం ఒక్క అక్షరం. సొసైటీ రిజిస్ట్రేషన్‌లో మా సంస్థ పేరు ఒకలా ఉంది, పాన్ కార్డులో ఒక అక్షరం తేడాగా ఉంది. ఇన్నేళ్లలో ఎవరం గమనించలేదు. అందుకే ఎవరడిగినా మొదట ఇదే చెబుతున్నాను: కాగితాలన్నీ ఒకేచోట పరిచి, పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ప్రపోజల్ తర్వాత రాసుకోవచ్చు.

ప్రపోజల్ మొదటి కాపీ నేను ఆఫీసులో కూర్చుని రాశాను. నెలకి రెండు అవగాహన సదస్సులు, రక్తపరీక్షలు, యోగా, పోషకాహారం. తప్పు పట్టడానికేం లేదు. దాన్ని పట్టుకుని గూడేనికి వెళ్లాను. సాయంత్రం ఇరవై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది మాట్లాడేది కువి అనే గిరిజన భాష. ఆశా వర్కర్ తెలుగులోకి మార్చి చెబుతోంది. “మీ ఒంటికి, మనసుకి బాగుండాలంటే ఏం కావాలి?” అని అడిగాను. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి గోడ పక్కన నిలబడి ఉన్న ఒక పెద్దమ్మ ఏదో అంది, అందరూ తలలూపారు. ఆశా నా వైపు తిరిగి, “ఒక గంట కూకోడానికి వీలు చూపించమంటంది మేడం. ఆ గంట ఎవుళూ పిలవకూడదంట” అంది.

అప్పుడు చూశాను. వచ్చిన ఇరవై మందిలో కూర్చున్నవాళ్లు ఏడెనిమిది మంది కూడా లేరు. చంకలో పిల్లలు, నెత్తిన కట్టెల మోపు. గెడ్డ (వాగు) నుంచి నీళ్లు తెస్తూ దారిలో ఆగినవాళ్లు బిందె దించకుండానే వింటున్నారు. నేను రాసుకెళ్లిన సదస్సులన్నిటికీ ఆ గంట వీళ్ల దగ్గర ఉందని అనుకున్నాను. ఆ గంటే వాళ్లకి లేదు.

ఆ రాత్రి బడ్జెట్ మళ్లీ రాశాను. యోగా తీసేశాను. రెండు కొత్త పద్దులు చేర్చాను: మీటింగ్ జరిగినంతసేపూ పిల్లల్ని చూసుకోవడానికి అదే గూడెం మనిషికి జీతం, ఆ పూట నీళ్లు తెచ్చిపెట్టేవాళ్లకి కూలి. అందరికీ చోడి (రాగి) అంబలి. రక్తపరీక్షలు అలాగే ఉంచి, సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) పరీక్ష కలిపాను. హిమోగ్లోబిన్ తక్కువున్న ప్రతివాళ్లదీ ఐరన్ లోపమే అయి ఉండదు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ సంగతి తేల్చుకోకుండా మాత్రలు పంచి వచ్చేస్తే సరిపోదు.

అసలు గొడవ ఈ రెండు పద్దుల మీదే జరిగింది. వీడియో కాల్‌లో కంపెనీ తరఫు ఆయన, “ఇది అడ్మిన్ ఖర్చు అవుతుంది కదండీ, 5 శాతం దాటకూడదు” అన్నారు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గి జీతాలు కోసేసుకుంటారు. నేను 2021లో సవరించిన సీఎస్ఆర్ నిబంధనలు తీసి చదివాను. ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్ఆర్ పనుల సాధారణ నిర్వహణకి పెట్టుకునే ఖర్చుకి. ఒక ప్రాజెక్టుని అమలు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఆ పేరా యథాతథంగా మెయిల్‌లో పెట్టి, కింద పెద్దమ్మ మాట రాశాను. వారం రోజులు జవాబు లేదు. ఆ వారం నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. తర్వాత “సరే, ఉంచండి” అని ఒక్క లైను వచ్చింది.

ఇంకో చిక్కు అంకెలు. ఫారంలో జిల్లా రక్తహీనత శాతం వేయమన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్ 4న. సర్వే నాటికి పాడేరు పాత విశాఖపట్నం జిల్లాలో ఉంది. అంటే ఆ జిల్లా అంకెలో బీచ్ రోడ్డు అపార్ట్‌మెంటూ, మా కొండ మీది గూడెమూ కలిసిపోయి ఉంటాయి. అది వేస్తే మావాళ్ల పరిస్థితి ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ గడిలో అంకె వేయలేదు. ఎందుకు వేయలేదో నాలుగు వాక్యాల్లో రాసి, మొదటి మూడు నెలల్లో మేమే పరీక్షలు చేసి అంకె ఇస్తామన్నాం. ఒప్పుకున్నారు.

క్యాలెండర్ కూడా మార్పించాం. ఏడాది పొడవునా నెలకి రెండు మీటింగులంటే కుదిరే పని కాదు. వానలు పడ్డాక అందరూ పొలంలో ఉంటారు. నవంబరు నుంచి కాఫీ పళ్లు కోయాలి. చైత్రంలో ఇటుకల పండగ వస్తే పని గురించి మాట్లాడేవాళ్లే ఉండరు. ఆ నెలలు తేలిక చేసి, మిగతా నెలల్లో మూడేసి పెట్టుకున్నాం.

డబ్బు వచ్చింది మార్చి ఆఖరి వారంలో. కంపెనీలకి ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు చూపించాలి కాబట్టి చాలాచోట్ల ఇలాగే జరుగుతుంది. ఎంఓయూ (కంపెనీతో రాసుకునే ఒప్పందం) మీద సంతకం చేసేముందు ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’ అని రాయించుకోండి. ఆ మాట ఉంటే పని వచ్చే ఏళ్లలోకి కూడా సాగుతుంది. లేకపోతే మార్చిలో వచ్చిన డబ్బుని హడావిడిగా ఖర్చు పెట్టమంటారు. బిల్లుల విషయం కూడా ముందే తేల్చుకోవాలి. సంతలో చోడి అమ్మే ఆమె జీఎస్టీ బిల్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, తేదీ ఉన్న వోచరు చాలని మా ఆడిటర్ చేత రాతపూర్వకంగా చెప్పించి ఎంఓయూకి జత చేశాం.

మొదటి మీటింగ్ మే నెలలో జరిగింది. పిల్లల్ని అంగన్‌వాడీ అరుగు మీద ఒకమ్మాయి ఆడిస్తోంది. నీళ్ల బిందెలు ముందే వచ్చి వరసగా ఉన్నాయి. నర్సమ్మ రక్తహీనత గురించి చెప్పడం మొదలుపెట్టిన పది నిమిషాలకి ఆ పెద్దమ్మ గోడకి ఆనుకుని నిద్రపోయింది. లేపబోయిన కుర్రదాన్ని పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. గంటయ్యాక తనంతట తనే లేచి, అంబలి తాగి, రిజిస్టర్లో వేలిముద్ర వేసి, తర్వాతి మీటింగ్ ఎప్పుడని అడిగింది.